చాకిరి మాటలు, చదువు మాటలు: స్లావ్ భాషల నిత్యక్రియల చరిత్ర

రష్యన్ సాహిత్యాన్ని అనువాదాల ద్వారా చదివి పెరిగిన తెలుగు పాఠకుల్లో నేనూ ఒకణ్ణి. మా నాన్నగారి అలమరలో గోర్కీ ‘అమ్మ’ పక్కన, చెహోవ్ కథల పక్కన, రష్యన్ నేర్పే పాత వాచకం ఒకటి అట్ట ఊడిపోయి ఉండేది. ఆయన ఆ భాష నేర్చుకోలేదు. నేను తెలుగు ఎం.ఏ. చదివి బడిపంతులునయ్యాక, ఒక వేసవి సెలవుల్లో దాన్ని దులిపి అక్షరాలు కూడబలుక్కున్నాను. నేను స్లావ్ భాషల పండితుణ్ణి కాను. నిఘంటువు చేత పట్టుకొని నడిచేవాణ్ణి. అయినా ఆ వాచకంలో నన్ను నిలవేసినవి కొన్ని క్రియలు. తాగడం, తినడం, నిద్రపోవడం, ఇవ్వడం, బతకడం, తెలియడం – పసివాడి నోట కూడా ఆడే క్రియలు. వాటిలో చాలా భాగం నాకు ముందే పరిచయమైనట్టు తోచింది. అయితే ఆ పరిచయం మా వంటింట్లో జరిగింది కాదు. ప్రబంధాలు చదివే తరగతిలో జరిగింది.

ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న. ఏ మాట ఎక్కడ పుట్టింది, దాని చుట్టాలెవరు అన్నది నిఘంటుకారుల వ్యాపకమని మన రచయితలు తరచు పక్కన పెడుతుంటారు. కాని మాటకు పెద్దరికమో మోటుతనమో పుట్టుకతో రాదనీ, దాన్ని ఎవరు ఏ పనికి వాడుకున్నారన్న దాన్నిబట్టి వస్తుందనీ రుజువు చేయడానికి స్లావ్ క్రియలకంటె మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ముందుగా నాలుగు మాటల్లో పూర్వరంగం చెప్పుకోవాలి. స్లావ్ భాషలంటే ఒక్క రష్యన్ మాత్రమే కాదు. తూర్పున రష్యన్, ఉక్రేనియన్, బెలారూసియన్. పడమట పోలిష్, చెక్, స్లోవాక్. దక్షిణాన బల్గేరియన్, మాసిడోనియన్, సెర్బియన్, క్రొయేషియన్, స్లొవీన్ – ఇవన్నీ సుమారు ఒకటిన్నర వేల ఏళ్ల కిందట ఒకే భాషకు మాండలికాలు. ఆ మూలభాషకు రాత లేదు. 863లో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు థెస్సలొనీకి పట్టణం వారు మొరావియాకు వెళ్లి, క్రైస్తవ గ్రంథాలను స్లావ్ జనం మాటలోకి తెచ్చారు. ఆ అనువాదాలలో నిలిచిన భాషనే ప్రాచీన స్లావ్ భాష అంటున్నాం. మూలభాషకు అతి దగ్గరగా మనకు దక్కిన రాత అదే.

ఆ ప్రాచీన భాషలో ‘ఉండు’ అనే క్రియ రూపాలు చూడండి: ‘యెస్మి, యెసి, యెస్తు’, బహువచనంలో ‘సొంతు’. సంస్కృతంలో ‘అస్మి, అసి, అస్తి, సంతి’. ఇది ఒకటి రెండు మాటలు కాకతాళీయంగా కలవడం కాదు. రూపావళి మొత్తం కలుస్తోంది. జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ 1833–52 మధ్య వెలువరించిన తులనాత్మక వ్యాకరణంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ల సరసన ప్రాచీన స్లావ్ భాషకు కూడా పీట వేయడానికి ఇలాంటి సాక్ష్యాలే కారణం. శబ్దాల మార్పిడికి కూడా ఒక క్రమం ఉంది. మన ‘శతం’ రష్యన్‌లో ‘స్తో’. మన ‘జ్ఞా’ ధాతువు అక్కడ ‘జ్నాత్’. (రష్యన్ మాటలను పలుకుబడికంటె రాతనే అనుసరించి ఇస్తున్నాను, మన లిపికి లొంగని శబ్దాలు కొన్ని ఉన్నాయి.)

ఇక వరసగా చూద్దాం. రష్యన్ ‘పీత్’ అంటే తాగడం. మన ‘పానం’ దాని చుట్టం. ‘స్పాత్’ అంటే నిద్రపోవడం. నిద్రకూ కలకూ అక్కడ ‘సోన్’ అనే ఒకే మాట. అది మూలభాషలో ‘సుప్ను’ వంటి రూపం, ‘ప’కారం అరిగిపోయింది. అంటే మన ‘స్వప్నం’. ‘బుదీత్’ నిద్ర లేపడం. మన ‘బోధ’, ‘ప్రబోధం’, ‘బుద్ధుడు’ ఆ ధాతువు సంతానమే. ‘ప్లావత్’ ఈదడం, మన ‘ప్లవనం’. ‘స్తోయాత్’ నిలబడటం, మన ‘స్థా’ ధాతువు.

తెలుగులో ఈ కుడివైపు మాటలన్నీ చదువుకున్నవాళ్ల మాటలు. రైతు దాహం వేస్తే తాగుతాడు; ‘పానం’ చేసేది పురాణంలో దేవతలు. కూలిమనిషికి వచ్చేది కల. కావ్యనాయికకు వచ్చేది స్వప్నం. ఇందుకు కారణం స్పష్టమే. మన క్రియలు మన ఇంటివి, ద్రావిడాలు. తాగు, తిను, కొను, అమ్ము, చెప్పు – ఇవి ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నవి కావు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అన్న గ్రంథంలో తెలుగు క్రియాధాతువులను సోదర భాషలతో పోల్చి వాటి వంశవృక్షం నిర్మించారు. సంస్కృత పదాలు మనకు గుడి, సభ, గ్రంథం ద్వారా వచ్చాయి. అందుకని పెద్దరికం వెంటబెట్టుకుని వచ్చాయి. అవే ధాతువులు వోల్గా తీరంలో పశువులు కాచేవాడి నోట, చేపలు పట్టేవాడి నోట పుట్టి పెరిగాయి. అక్కడ వాటికి ఏ పెద్దరికమూ లేదు.

స్లావ్ భాషల్లో తమలో తమకే ఈ తేడా ఉందనడానికి ‘తెలియడం’ అనే క్రియ చాలు. మూలభాషలో దీనికి రెండు మాటలు. ఒకటి ‘జ్ఞా’కు చుట్టం, ఇంకొకటి ‘విద్’కు చుట్టం. చెక్ భాషలో రెండూ బతికాయి. మనిషిని ఎరిగి ఉండటం ‘జ్నాత్’. సంగతి తెలిసి ఉండటం ‘వ్యెదెత్’. మనం ‘ఆయన్ని ఎరుగుదును’, ‘ఆ సంగతి తెలుసు’ అన్నట్టే. ప్రాగ్ వీధిలో ఎవరినైనా దారి అడిగితే, తెలియనివాడు ‘నెవీమ్’ అంటాడు. ప్రాచీన రూపంలోకి వెనక్కి నడిపిస్తే అది ‘న వేద్మి’. మన దగ్గర ‘న వేద్మి’ అన్నవాడు శాస్త్రి. అక్కడ అన్నవాడు ట్రాము డ్రైవరు కావచ్చు. అదే ధాతువు రష్యన్‌లో వేరే దారి పట్టింది. ‘వేదత్’ అన్న క్రియ అక్కడ పాతబడి, గ్రాంథికమై, పుస్తకాల్లో మిగిలింది. మంత్రగత్తెను ‘వేద్మ’ అంటారు – తెలిసినది అని. ఒకే ధాతువు మన దగ్గర వేదమయింది, రష్యన్ పల్లెలో మంత్రగత్తె అయింది, ప్రాగ్‌లో దారి తెలియదన్న జవాబయింది.

రష్యన్ భాషకూ గ్రాంథిక వివాదం ఉండేది. చర్చి భాషగా నిలిచిపోయిన ప్రాచీన స్లావ్ ఒకవైపు, జనం మాట ఒకవైపు. లొమొనోసొవ్ 1750ల చివర ఉన్నత, మధ్యమ, నీచ శైలులని మూడుగా విభజించి, ఏ మాట ఏ ప్రక్రియకు తగునో నిర్ణయించాడు. ప్రాచీన స్లావ్‌లో ‘గ్లగోలతి’ అంటే కేవలం మాట్లాడటం. రష్యన్‌లో ‘గ్లగోల్’ గంభీరమైన ‘వాక్కు’ అయి, చివరకు వ్యాకరణంలో ‘క్రియ’ అనే పారిభాషిక పదంగా స్థిరపడింది. పుష్కిన్ తరం వచ్చి ఈ శైలుల గోడలు పడగొట్టాక గాని, వీధి క్రియ కావ్యంలోకి తలెత్తుకుని రాలేదు. గిడుగు రామమూర్తి (1863–1940) గారి పోరాటం తెలిసిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

‘బతకడం’ అనే క్రియ దగ్గర కాసేపు ఆగాలి. రష్యన్ ‘జీత్’, పోలిష్ ‘జిచ్’, సెర్బియన్ ‘జీవెతి’ – మన ‘జీవ్’ ధాతువే. దీని నుంచి పుట్టిన ‘జివోత్’ అన్న నామవాచకానికి చెక్‌లో, సెర్బియన్‌లో ‘జీవితం’ అని అర్థం. అదే మాటకు నేటి రష్యన్‌లో అర్థం ‘పొట్ట’! పాత రష్యన్‌లో దానికి జీవితమనే అర్థమే ఉండేది. బహువచనంలో వాడితే ఆస్తి, పశుసంపద అని కూడా వచ్చేది. ఇదే క్రియ నుంచి పుట్టిన ఇంకో మాట ‘జీతో’ – ధాన్యం. ఉక్రెయిన్‌లో అది ప్రధానంగా రై ధాన్యం. బతుకు, పొట్ట, గొడ్డూగోదా, గింజలు – నాలుగూ ఒకే ధాతువులో ఇమిడిపోయాయి. ‘పొట్టపోసుకోవడం’ అన్న మాటను బతకడానికి పర్యాయంగా వాడే తెలుగువాడికి దీని తర్కం వెంటనే బోధపడుతుంది. జీవితాన్ని ఒక తాత్విక విషయంగా కాక, రేపటి గింజల లెక్కగా చూసినవాళ్లు కల్పించిన మాటలివి.

చదవడం, రాయడం అనే క్రియలు మన వృత్తికి సంబంధించినవి కనుక వాటినీ చూద్దాం. రష్యన్ ‘పిసాత్’ అంటే రాయడం. దీని సంస్కృత బంధువు ‘పిశ్’. అలంకరించడం, చెక్కడం దాని అర్థాలు. లాటిన్‌లో బొమ్మ గీయడానికి వాడిన ‘పింగెరె’ కూడా ఈ కుటుంబానిదే. రంగురంగుల దాన్ని రష్యన్‌లో ‘ప్యోస్త్రియ్’ అనడం కూడా ఈ ధాతువుతోనే. అంటే రాత రాకముందే ఈ క్రియ ఉంది: గీయడం, రంగు పెట్టడం. అక్షరం వచ్చినప్పుడు కొత్త పనికి పాత మాటనే పిలిచారు. నేటికీ రష్యన్‌లో చిత్రకారుడు బొమ్మను ‘రాస్తాడు’. మన పాత తెలుగులోనూ చిత్తరువును వ్రాసేవారు.

ఈ మాట సత్యం నేలలోంచి బయటపడింది. 1951 జులై 26న రష్యాలోని నొవ్‌గొరొద్‌లో తవ్వకాలు జరుగుతుండగా, కూలికి వచ్చిన నీనా అకూలొవా అనే ఆమెకు బెరడు చుట్ట ఒకటి దొరికింది. భూర్జవృక్షపు బెరడు మీద ములుకుతో గీసిన రాత అది. అప్పటినుంచి ఇప్పటిదాకా అక్కడ అలాంటివి వెయ్యికి పైగా దొరికాయి. అందులో రాజుల ప్రశస్తులు కాదు, అప్పుల లెక్కలు, సరుకుల జాబితాలు, ఇంటికి పంపిన కబుర్లు ఉన్నాయి. ఇవ్వు, పంపు, కొను, తీసుకో – నిత్యక్రియలే. ఆ ములుకును పండితులు ‘పిసాలో’ అంటారు. 1956లో దొరికిన కొన్ని బెరడు ముక్కలు పదమూడో శతాబ్దపు ఒన్‌ఫీమ్ అనే కుర్రవాడివి. ఆరేడేళ్ల వయసని అంచనా. వాడు అక్షరాలు దిద్దుతూ, గుణింతం వంటి వరసలు రాస్తూ, విసుగు పుట్టి అదే ముక్క మీద గుర్రం మీద వీరుణ్ణి గీసి తన పేరు పెట్టుకున్నాడు. రాతా బొమ్మా వాడికి ఒకే ములుకుతో చేసే ఒకే పని, ఒకే క్రియ. ఇరవై ఏళ్లుగా పిల్లల నోటు పుస్తకాల చివరి పేజీలు చూస్తున్న నాకు ఒన్‌ఫీమ్ కొత్తవాడు కాడు.

‘చితాత్’ అంటే చదవడం. ఈ ధాతువుకు గమనించడం, లెక్కపెట్టడం, గౌరవించడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘చిస్లో’ సంఖ్య, ‘చెస్త్’ గౌరవం, పరువు. సంస్కృత ‘చిత్’, అంటే ‘చిత్తం’, ‘చేతన’ల ధాతువు, దీని చుట్టం. పాతకాలపు మన ఉత్తరాల్లో ‘చిత్తగించవలెను’ అని రాసేవారు – దయచేసి చదువుకోండి, మనసు పెట్టండి అని. చదవడమంటే మనసు పెట్టి లెక్కలోకి తీసుకోవడం. ఆ అర్థంలో చదివే విమర్శకులు మనకు ఎందరున్నారో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇచ్చిపుచ్చుకోవడాల క్రియలు సమాజాన్ని ఇంకా సూటిగా చూపుతాయి. ‘దాత్’ అంటే ఇవ్వడం. మన ‘దా’ ధాతువే, ‘దానం’, ‘దాత’ల ధాతువు. ముందు ‘ప్రొ’ చేరిస్తే ‘ప్రొదాత్’. ఆ ఉపసర్గ మన ‘ప్ర’యే. కనుక భాగాలుగా చూస్తే అది మన ‘ప్రదానం’. మన దగ్గర పురస్కార ప్రదానం జరుగుతుంది. రష్యన్‌లో ‘ప్రొదాత్’ అంటే అమ్మడం! ‘ఇజ్’ అంటే బయటికి. ‘ఇజ్‌దాత్’ అంటే పుస్తకం ప్రచురించడం. ‘ప్రెదాత్’ అంటే శత్రువుకు అప్పగించడం, ద్రోహం చేయడం. ఇవ్వడం, అమ్మడం, అచ్చు వేయడం, ద్రోహం చేయడం – ఒక్క ధాతువుకు నాలుగు బిడ్డలు. ఏ రచయిత సభలోనైనా చదివి వినిపించదగిన వంశావళి ఇది.

అమ్మడానికి ఇంటిమాట ఉన్నా, కొనడానికి లేకపోయింది. రష్యన్ ‘కుపీత్’, పోలిష్ ‘కుపిచ్’ స్లావ్ మాటలు కావు. జర్మనిక్ తెగల దగ్గర నుంచి వచ్చినవి. వాళ్లకు రోమన్ చిల్లర వర్తకుడి పేరైన ‘కౌపో’ నుంచి వచ్చింది. జర్మన్ ‘కౌఫెన్’ కూడా ఇదే. వర్తకుడు సరుకుతోపాటు క్రియను కూడా మోసుకొచ్చాడు. చెల్లించడానికి మాట ‘ప్లతీత్’. దీని మూలం ‘ప్లాతు’ – గుడ్డ ముక్క. నేటి రష్యన్ ‘ప్లాత్యె’, అంటే గౌను, ‘ప్లతోక్’, అంటే రుమాలు, దాని తోబుట్టువులు. గుడ్డకూ చెల్లింపుకూ ఏం సంబంధం? పన్నెండో శతాబ్దపు జర్మన్ చరిత్రకారుడు హెల్మోల్డ్, బాల్టిక్ తీరపు స్లావ్ తెగలో నారగుడ్డే నాణెంగా చెల్లుతుందని రాశాడు. పదో శతాబ్దంలో ప్రాగ్ చూసిన యాత్రికుడు ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ కూడా అక్కడి సంతలో పలుచని గుడ్డ ముక్కలు డబ్బుగా చలామణి కావడం గమనించాడు. నాణేలు పోయాయి, గుడ్డలు చిరిగాయి. మగ్గం మీద ఆడవాళ్లు నేసిన ఆ డబ్బు క్రియలో మాత్రం నిలిచి ఉంది.

ఇక అసలు మాటకు వద్దాం. పని.

రష్యన్‌లో పనికి కనీసం మూడు మాటలున్నాయి. ‘దేలో’ అన్నది చేయడం నుంచి వచ్చింది. మన ‘ధా’ ధాతువుకు చుట్టం. ‘త్రూద్’ శ్రమ, పోలిష్‌లో, బల్గేరియన్‌లో అదే ధాతువు విశేషణమై ‘కష్టమైన’ అని అర్థమిస్తుంది. మూడోది, వాడుకలో అన్నిటికంటె ముందుండేది, ‘రబోత’. ఇది ‘రబ్’ నుంచి పుట్టింది. ‘రబ్’ అంటే బానిస. ప్రాచీన స్లావ్ గ్రంథాల్లో ‘రబోత’కు అర్థమే దాస్యం. అంటే ఒకప్పుడు బానిస స్థితికి పేరైనది, తర్వాత బానిస చేసే దానికి పేరై, చివరకు అందరూ చేసే దానికి పేరయింది.

ఇంతటితో ఆగలేదు. ‘రబ్’ మూలరూపం ‘ఒర్బు’. దీని చుట్టాలు గ్రీకులో అనాథ అనే అర్థమిచ్చే ‘ఒర్ఫనోస్’, ఆప్తులను కోల్పోయినవాడు అనే అర్థమిచ్చే లాటిన్ ‘ఒర్బుస్’, జర్మన్‌లో పనికి వాడే ‘అర్బైత్’. ఎక్కువమంది వ్యుత్పత్తి శాస్త్రజ్ఞులు సంస్కృత ‘అర్భ’ను కూడా ఈ కుటుంబంలో చేరుస్తారు. అదే మన ‘అర్భకుడు’. రష్యన్‌లో బిడ్డకు ‘రెబ్యోనక్’ అన్న మాట కూడా ఇక్కడిదే. బిడ్డ, అనాథ, బానిస, పని – ఈ వరసను కలిపేది ఒక్కటే. ఇంటి అండ పోయిన పిల్లవాడు పరుల ఇంట చేరతాడు. పరుల ఇంట ఉన్నవాడికి తిండి ఊరికే రాదు.

చెక్, పోలిష్ భాషల్లో ఈ మాట ‘రొబొత’. దొర పొలంలో రైతు కూలి లేకుండా చేసి తీరవలసిన పనికి చెక్ దేశంలో అదే పేరు. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో అది 1848 తిరుగుబాట్ల వేడిలో రద్దయింది. రష్యాలో భూదాస్యం 1861లో రద్దయింది. ఇది జరిగిన కొన్ని దశాబ్దాలకు, 1920లో, చెక్ రచయిత కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ నాటకం ప్రచురించాడు. మనుషుల బదులు పని చేయడానికి తయారుచేసిన కృత్రిమ జీవులకు పేరు కావలసి వచ్చింది. చిత్రకారుడైన అన్న యోసెఫ్ ‘రోబోట్’ అనమన్నాడని కారెల్ తర్వాత తనే చెప్పాడు. ఇవాళ మన పిల్లలు నోరారా పలికే ‘రోబో’ వెట్టివాడి పేరు. యంత్రం గురించి మాట్లాడుతున్నామనుకుంటూ, తాతల పాత యాతనను పలుకుతున్నాం.

మన భాషలో ఇలాంటివి లేవనుకోరాదు. ‘చాకిరి’ అన్నది పారశీక ‘చాకర్’, అంటే సేవకుడు, నుంచి వచ్చింది. రబ్ నుంచి రబోత వచ్చినట్టే. ‘వెట్టి’ సంస్కృత ‘విష్టి’ నుంచి వచ్చిందంటారు. ఆ రెండు మాటలూ కలిసి ‘వెట్టిచాకిరి’ అయి, 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి మూలకారణాల్లో ఒకదాని పేరయింది. నేడు ఇంటి ఇల్లాలు ‘చాకిరీతో నడుం విరిగింది’ అంటే ఆ మాటలో పాత సేవకుడింకా మెదులుతూనే ఉన్నాడు.

అయితే మాట పుట్టుకే మాటకు తీర్పు కాదు. పోలిష్‌లో ‘రొబిచ్’ అంటే ఇప్పుడు ఊరికే ‘చేయడం’. ‘ఏం చేస్తున్నావు?’ అని తల్లి బిడ్డను అడిగేది ఆ క్రియతోనే; అందులో దాస్యపు వాసన ఎవరికీ తగలదు. ‘రొబొత్నిక్’ అంటే కార్మికుడు. పోలెండ్ సోషలిస్టులు 1894లో తమ రహస్య పత్రికకు ఆ పేరే గర్వంగా పెట్టుకున్నారు. బానిస మాటను కష్టజీవి తన బిరుదుగా మార్చుకున్నాడు. మరోవైపు, స్లావ్ అన్న జాతి పేరు ‘స్లోవో’, అంటే మాట, నుంచి వచ్చిందని చాలామంది అభిప్రాయం; భిన్నాభిప్రాయాలూ ఉన్నాయి. ‘స్లోవో’ మన ‘శ్రవస్సు’కు చుట్టం. మాట తెలిసినవాళ్లమని చెప్పుకున్న ఆ జనాన్ని మధ్యయుగాల్లో పట్టి అమ్మగా అమ్మగా, పడమటి భాషల్లో బానిసకు వాళ్ల పేరే స్థిరపడింది. ఇంగ్లీషు ‘స్లేవ్’, జర్మన్ ‘స్క్లావె’ అలా వచ్చినవే. ఎత్తడమూ దించడమూ భాష చేసిన పని కాదు, చరిత్ర చేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మాటల చుట్టరికం చూసి మురిసి, రక్తసంబంధం కలిపేవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు. భాషాకుటుంబానికి పెట్టిన ‘ఆర్య’ అన్న పేరును జాతి పేరుగా మార్చిన నాజీలు, సంస్కృతానికి ఇంత దగ్గరైన క్రియలు మాట్లాడే స్లావ్ ప్రజలనే అధములని ముద్రవేసి లక్షలాదిగా చంపారు. ఆ యుద్ధంలోనే, 1944 జనవరిలో, బెర్లిన్‌లో మాక్స్ ఫాస్మర్ అనే పండితుడి గ్రంథాలయం, రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు కోసం కూర్చిన సామగ్రి బాంబుదాడిలో బూడిదయ్యాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టి 1950–58 మధ్య ఆ నిఘంటువు వెలువరించాడు. త్రుబచోవ్ దాన్ని రష్యన్‌లోకి తెచ్చాడు. ఈ వ్యాసంలోని ఎన్నో చుట్టరికాలకు దారి చూపింది ఆ పుస్తకమే. ఇక ‘రబోత’ అనేవాళ్లూ ‘రొబోత’ అనేవాళ్లూ ఒకే మాట పంచుకున్నా, 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడికి దిగింది. క్రియలు కలిసినంత మాత్రాన మనుషులు కలవరు.

మరి ఈ చదువు మనకెందుకు? అనువాదకుడికి మొదట కావాలి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో కూర్చుని అనువదించిన రోజుల్లో ‘దేలో’, ‘త్రూద్’, ‘రబోత’ ఎదురుకాని పేజీ ఉండి ఉండదు. మూడింటికీ ‘పని’ అని రాసి ఊరుకుంటే సరిపోదు. మూడింటికీ ‘శ్రమ’ అన్నా సరిపోదు. పని, కష్టం, చాకిరి, కొలువు – మన మాటలకూ చరిత్రలున్నాయి. ఎక్కడ ఏది పడాలో ఆ చరిత్రే చెబుతుంది. సొంతంగా రాసేవాడికీ ఇది కావాలి. విశేషణాలు ఎంచుకోవడానికి పడే తంటాలో సగం క్రియల మీద పెడితే, మన కథల్లో మనుషులు ఏం చేస్తున్నారో కనబడుతుంది.

ఒకసారి ఎనిమిదో తరగతిలో ‘అర్భకుడు’ అంటే ఏమిటని అడిగాను. అల్పుడు, బాలుడు అన్న జవాబు కోసం చూస్తున్నాను. వెనక బెంచీలో ఒక కూలివాళ్ల పిల్లవాడు లేచి, ‘బక్కోడు సార్, పనికి పిలవరు’ అన్నాడు. తప్పని చెప్పి కూర్చోబెట్టాను. ఫాస్మర్ నిఘంటువులో ‘రబ్’ పుట చూసిన రోజున నాకు ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. పసితనాన్నీ బలహీనతనూ పనితో ముడిపెట్టి చూడటం వాడికి ఏ పుస్తకమూ నేర్పలేదు; వాళ్ల ఇల్లు నేర్పింది. ఆ మాటను మొదట పలికినవాళ్లకు కూడా అలాగే తెలిసి ఉంటుంది. ఇప్పుడు ఆ పాఠం వచ్చినప్పుడల్లా, వాడి అర్థాన్ని కూడా నల్లబల్ల మీద రాస్తున్నాను.